కాటా దగ్గర పుట్టాల్సిన డబ్బు

మా ఊరి లైబ్రరీలో సాయంత్రం పేపరు చదవడానికి వచ్చేవాళ్ళు నన్ను ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు, ఈ వయసులో ఆ మిరపకాయల దేశానికి ఎందుకు వెళ్ళావు, ఏం చూసి వచ్చావు అని. వచ్చి రెండు నెలలైంది. నోటితో చెప్పబోతే మధ్యలో కోపం వచ్చి మాట తప్పిపోతోంది. అందుకని కాగితం మీద పెడుతున్నాను. గోదావరి కాలవల పక్కన పుట్టి వరిచేను తప్ప మరో చేను చూడనివాళ్ళ కోసం ఇది.

నేను ఐదో తరగతితో ఆగినవాణ్ణి. ముప్పై ఎనిమిదేళ్ళు రైసుమిల్లులో కాటా గుమాస్తాగా చేశాను. నా చిన్నతనంలో ఒక ఏడు ధాన్యం రాశులు కళ్ళాల్లోనే ముక్కిపోయాయి. తినేవాళ్ళు లేక కాదు. ఆకలి వీధివీధినా ఉంది. డబ్బు లేదన్నారు. ధాన్యం ఉంది, ఆకలి ఉంది, రెంటికీ మధ్య ఉండాల్సిన కాగితం లేదు. కాగితం ఎందుకు లేదని మా నాన్నను అడిగితే నోర్మూసుకోమన్నాడు. ఆ జవాబు కోసం నేను అరవై ఏళ్ళు పుస్తకాలు తిరగేశాను.

దొరికిన జవాబు ఇది. బ్యాంకు అప్పిచ్చేటప్పుడు ఎవరో దాచుకున్న సొమ్ము తీసి ఇవ్వదు. పుస్తకంలో ఒక అంకె రాస్తుంది. ఆ అంకే కొత్త డబ్బు. ఆ రాసే హక్కు నిజానికి జనానిది. జనం పేరున బొంబాయిలోని పెద్ద బ్యాంకు, అంటే నోట్ల మీద సంతకం పెట్టేది, ఆ హక్కును మామూలు బ్యాంకులకు ఇచ్చింది. ఎవరికి రాయాలో, ఎప్పుడు రాయాలో వాళ్ళే తేల్చుకుంటారు. బ్యాంకుల్ని జాతీయం చేసిన రోజున ఇక ఈ అన్యాయం పోయిందని నమ్మి మిల్లు హమాలీలకు నా సొంత డబ్బుతో పకోడీలు పంచాను. నెల తిరక్కుండా అదే బ్యాంకు మేనేజరు మా యజమానికి కుర్చీ వేసి నన్ను గుమ్మం బయట నిలబెట్టాడు.

అందుకే ఎనిమిది పేజీల అర్జీ రాశాను. అందులో ఉన్నది ఒక్కటే మాట: పంట కాటా ఎక్కిన చోటే డబ్బు పుట్టాలి. సర్కారు గోదాములో పత్తి తూచి పెట్టగానే రైతుకు రసీదు ఇవ్వాలి. ఆ రసీదు ఏ బ్యాంకులో చూపినా ఆ రోజే నోట్లు ఇవ్వాలి. వడ్డీ లేదు, మధ్యవాడు లేడు. పంట అమ్ముడుపోయాక ఆ నోట్లు వెనక్కి వెళ్ళి రద్దయిపోతాయి. మూడుసార్లు పోస్టులో పంపితే మూడుసార్లూ అచ్చుకార్డు వచ్చింది, మీ లేఖ అందినది అని. ఇంతలో ఆ పెద్ద బ్యాంకు అధికారి ఒకాయన గుంటూరులో బ్యాంకు మేనేజర్ల సభకు వస్తున్నాడని పేపర్లో పడింది. చేతికే ఇస్తానన్నాను. గోదావరి గట్టున కూర్చుని పత్తి రైతు సంగతి రాశావా అని అక్కడెవరన్నా అడిగితే నోరు పడిపోకూడదని, ముందు పత్తి భూముల్లో తిరిగి, వాళ్ళ వేలిముద్రలు కూడా వేయించుకుని వెళదామనుకున్నాను. తొంభైలు చివరికొస్తున్న ఈ ఏడు, శివరాత్రి ముందరి మాట ఇది.

వేటపాలెం

తెల్లవారి పాసింజరు దిగి స్టేషను ఎదురుగా హోటల్లో నాలుగు ఇడ్లీలు తిన్నాను. కారప్పొడి మీద నెయ్యి వేశారు. నాలుగు రూపాయలు. ఐదు రూపాయల నోటిస్తే యజమాని గల్లాపెట్టెలోంచి ఒక అట్టముక్క తీసి నా చేతిలో పెట్టాడు. దాని మీద హోటలు ముద్ర ఉంది.

"ఇదేమిటండీ?" అన్నాను.

"రూపాయండి."

"అట్టముక్క కదండీ ఇది."

"ఈ నెల్లో మీరు రూపాయి బిళ్ళ యాడన్నా చూశారా పెద్దాయనా? చూస్తే చెప్పండి, నేనూ వచ్చి దణ్ణం పెట్టుకుంటా."

మా వైపు కూడా చిల్లర కరువే. కాకపోతే మా కొట్లలో చిల్లరకు బదులు చాక్లెట్టు ఇస్తారు, నాకు చూస్తే పళ్ళు లేవు. ఆ అట్టముక్కను పట్టుకుని పక్క కొట్లో వక్కపొడి పొట్లం అడిగాను. కొట్టతను దాన్ని వెలుతురుకు పట్టి చూసి, మారు మాట్లాడకుండా పెట్టెలో వేసుకున్నాడు. ప్రభుత్వం బిళ్ళ కొట్టడం మానేస్తే ఇడ్లీలమ్మే ఆయన కొడుతున్నాడు. ఇది చూసి నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

జీడిపప్పు బట్టీల దగ్గర ఆడవాళ్ళు వరసగా కూర్చుని గింజలు కొడుతున్నారు. జీడి రసానికి వాళ్ళ వేళ్ళు నల్లగా కమిలి, చర్మం పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. నన్ను చూసి ఒకావిడ, "జీడిపప్పు తిన్నావా తాతా?" అంది.

"కేజీ ధర అడిగానమ్మా. కడుపు నిండిపోయింది," అన్నాను.

అందరూ నవ్వారు. శనివారం శనివారం కూలి ఇస్తారట. ఎలా ఇస్తారని అడిగాను.

"చిల్లర లేదని నలుగురికి కలిపి ఒక పెద్ద నోటు ఇస్తాడు," అందావిడ. "దాన్ని పట్టుకుని నలుగురం ఊరంతా తిరగాల. మార్చినోడు మనిషికో రూపాయి కోసుకుంటాడు. కూలి సంపాయించేదానికి ఆరు దినాలు, దాన్ని మార్చేదానికి ఒక దినం."

పెద్ద బ్యాంకు పని ఏమిటంటే దేశానికి సరిపడా డబ్బు సరైన చేతికి అందేలా చూడటం అని పుస్తకాల్లో రాసుంటుంది. పెద్ద నోటు ముద్రించడం వాళ్ళకు లాభం, రూపాయి బిళ్ళ కొట్టడం దండుగ. ఆ దండుగ అంతా నలుగురు ఆడవాళ్ళ శనివారం మీద పడుతోంది.

నల్లరేగడి

చీరాల నుంచి పడమరగా బస్సెక్కితే గంటలో కొబ్బరిచెట్లు ఆగిపోతాయి. ఆ తర్వాత నేల నల్లగా, పర్రెలు విచ్చి ఉంటుంది. మా వైపు కాలవ దాటకుండా ఒక ఫర్లాంగు పోలేం. ఇవి సాగరు కాలవ చివరి భూములు. నీళ్ళొస్తున్నాయన్న కబురు వస్తుంది, నీళ్ళు రావు.

బస్సులో నా పక్కన ఖాళీ గోతాల కట్ట ఒళ్ళో పెట్టుకుని ఒకామె కూర్చుంది. నలభై ఐదేళ్ళుంటాయి.

"ఎవరింటికి పెద్దాయనా?" అంది.

"ఎవరింటికీ కాదమ్మా. పత్తి పండించేవాళ్ళను చూద్దామని."

"మమ్మల్నా? ఏముంది చూసేదానికి?" అని నవ్వి, "పదండి, మా ఊళ్ళో అందరూ వాళ్ళే," అంది.

ఆమె పేరు మస్తాన్‌బీ. రెండేళ్ళ కిందట భర్త చేలో పురుగుమందు కొట్టి వచ్చి వాకిట్లో పడిపోయి మళ్ళీ లేవలేదు. అప్పటినుంచి కౌలుకు తీసుకున్న ఆ రెండెకరాలూ ఆమే చేస్తోంది. ఊరి పేరు రాయను. వాళ్ళంతా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ అక్కడే బతకాలి.

ఊరి మొదట్లోనే కళ్ళాలు. నేల కనపడకుండా ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. దిగగానే దగ్గు పట్టుకుంది. ఒక కాయ తీసి విరిచి చూసి, దగ్గుతో నీళ్ళు కారుతున్న కన్ను అదే చేత్తో తుడుచుకున్నాను. ఆ తర్వాత కాసేపు ఏం జరిగిందో నాకు తెలియదు. మస్తాన్‌బీ పాలలో ముంచిన గుడ్డ తెచ్చి కంటిమీద వేసింది.

"గోదారోళ్ళు మిరపకాయ కళ్ళతో తింటారా ఏంది బాబాయిగారూ?" అని చుట్టూ చేరినవాళ్ళతో కలిసి నవ్వింది. అలా నేను ఆమెకు బాబాయినయ్యాను.

మధ్యాహ్నం జొన్న సంగటి, గోంగూర, పండుమిరప పచ్చడి పెట్టింది. మా వైపు పులుసుకూరలో చిన్న బెల్లం ముక్క వేస్తామని చెప్పాను.

"కూరలో బెల్లమా? జొరమొచ్చినోళ్ళకా?" అంది.

నాకు పీర్ల చావిడి అరుగు మీద పడక ఏర్పాటు చేయించింది. పీర్ల పండక్కి ఊళ్ళో అన్ని ఇళ్ళవాళ్ళూ అక్కడ నిప్పుల గుండం చుట్టూ చేరతారట. రెండ్రోజులు ఇల్లిల్లూ తిరిగాను. నా అర్జీ చదివి వినిపిస్తే విన్నారు, వేలిముద్ర అడిగితే వేశారు. అరవై మూడు ముద్రలు పడ్డాయి.

కోటయ్య గారి చీటీలు

ఆ ఊళ్ళో నేను చూసినదాన్ని మీరు నమ్మరు. చీటీ అంటే నెలనెలా పాడుకునే చీటీపాట కాదు, కాగితపు ముక్క. కోటయ్య గారని కమీషను కొట్టు ఆయన ఉన్నాడు. విత్తనాలూ పురుగుమందూ ఆయనే అరువిస్తాడు, పత్తి ఆయనే కొంటాడు. కాటా వేశాక అప్పు మినహాయించి, మిగిలినదానికి నీలం కాగితం మీద ఇన్ని వేలు, ఉగాదికి అని రాసి, ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టి ముద్ర కొట్టి ఇస్తాడు. ఆ చీటీ ఇస్తే కిరాణా కొట్లో పప్పు ఇస్తారు. దర్జీ చొక్కా కుడతాడు. మసీదుకి చందా ఇస్తే తీసుకుంటారు, రామాలయానికి ఇచ్చినా తీసుకుంటారు. ఉగాది దాకా ఆగలేనివాళ్ళు కొట్టుకు వెళ్ళి అడిగితే, నూటికి మూడు రూపాయలు కటింగు పట్టుకుని ఆ రోజే నోట్లు ఇస్తాడు. ఆ ఊళ్ళో కోటయ్య గారి సంతకం బొంబాయి సంతకానికి ఏం తీసిపోదు.

ఊరి పొలిమేర దాటితే మాత్రం అది చెల్లదు. మస్తాన్‌బీ కౌలు భూమి ఆసామి ఒంగోలులో ఉంటాడు. ఆయనకు శివరాత్రికల్లా కౌలు ఎనిమిది వేలు నోట్ల రూపంలో అందాలి. ఒక్క రోజు దాటినా వేరేవాళ్ళకు ఇస్తానని మనిషిచేత చెప్పించాడు. ఆమె దగ్గర పద్నాలుగు వేలకు చీటీలున్నాయి. తగరం డబ్బాలోంచి తీసి నాకు చూపించింది.

"రేపో ఎల్లుండో పోయి ఎనిమిది వేలకి నోట్లు తెచ్చుకుంటా," అంది. "ఆ చేను పోతే నాకింక ఏ చేనూ ఇయ్యరు బాబాయిగారూ. మగదిక్కు లేనిదానికి కౌలు ఎవడిస్తాడు?"

అరవై ఏళ్ళు పుస్తకాల్లో చదివినది ఇక్కడ నీలం కాగితం మీద కనపడేసరికి నాకు ఒళ్ళు తెలియలేదు. ఆ సాయంత్రం టీ బంకు దగ్గర పదిహేనుమంది చేరితే విప్పి చెప్పాను. ఈ చీటీ కూడా నోటే అన్నాను. కోటయ్య గారు రాస్తే డబ్బు పుడుతోంది, అదే పని బ్యాంకూ చేస్తోంది, మరి అదే పని మనందరి తరఫున సర్కారు గోదాము ఎందుకు చేయకూడదు అన్నాను.

చారల తువాలు వేసుకున్న రైతు ఒకాయన అడిగాడు: "అంటే ఈ చీటీలన్నిటికీ సరిపడా డబ్బు కోటయ్య బీరువాలో ఉండదంటారా?"

"ఉండదండీ. ఏ బ్యాంకులోనూ ఉండదు. అందరూ ఒక్క రోజే వచ్చి అడగరు గనక ఉండనక్కర్లేదు."

ఆయన టీ సగంలో వదిలేసి లేచి వెళ్ళాడు. వెళ్ళినట్టు నేను చూశాను. ఎందుకు వెళ్ళాడో ఆలోచించలేదు. గోదాము రసీదు గురించి చెప్పే ఊపులో ఉన్నాను.

కొట్టు ముందు

పొద్దున్నే మస్తాన్‌బీ చావిడికి వచ్చింది.

"బాబాయిగారూ, మీరు నిజంగా ఆఫీసరా?"

"ఎవరన్నారమ్మా?"

"ఊరంతా అంటున్నారు. పైనుంచి ఆఫీసరు మారువేషంలో వచ్చాడు, కోటయ్య లెక్కలు చూశాడు, బీరువాలో డబ్బు లేదని తేల్చాడు, అందుకే అందరిచేతా వేలిముద్రలు తీసుకున్నాడు అంటున్నారు."

నాకు అప్పుడు తెలిసింది. ఆ ఊళ్ళో కాగితం మీద వేలిముద్ర తీసుకునేవాళ్ళు రెండే రకాలు, అప్పిచ్చేవాడు, జప్తుకొచ్చేవాడు. నేను ఇంటింటికీ తిరిగి అరవై మూడు ముద్రలు వేయించాను. నన్నెవరనుకుంటారు మరి? నెలకోసారి అరువుకి కాగితం మీద ముద్ర వేసి బతికేవాళ్ళు, ఒక తెల్లచొక్కా ముసలాడు ఎనిమిది పేజీల కింద ముద్ర అడిగితే పద్యం విన్నట్టు వింటారనుకోవడం నా తెలివితక్కువ.

వెళ్ళి చూస్తే కొట్టు ముందు వీధి పట్టనంత జనం, వరస మాత్రం ఇంకా చిన్నదే. నేను అరుగెక్కి, ఆఫీసర్ని కాను, కోటయ్య గారి లెక్కలు నేను చూడలేదు అని అరిచాను. చారల తువాలు ఆయన, "ఒరేయ్, ఆయన చెప్పకూడదురా, రూలు," అని పక్కవాడితో అన్నాడు. ఎవరూ వెనక్కి తిరగలేదు.

కోటయ్య గారు తలుపులు వేసుకోలేదు. ఆ మాట చెప్పాలి. ఉగాది దాకా గడువుందని చీటీ మీదే రాసుంది, పొమ్మనవచ్చు. ఆయన కటింగు కూడా పట్టుకోకుండా, నవ్వు మొహంతో, ఒక్కొక్కరికీ నోట్లు లెక్కపెట్టి ఇవ్వడం మొదలుపెట్టాడు. అలా ఇస్తే జనం చల్లబడతారనుకున్నాడు. ఎంత ఇస్తే అంత మంది వచ్చారు.

మస్తాన్‌బీ ఇల్లు కొట్టుకు మూడిళ్ళ అవతల. తగరం డబ్బా కొంగు కింద పెట్టుకుని నా పక్కన నిలబడింది.

"నేను కూడా పోయి నిలబడనా బాబాయిగారూ?"

నేను పుస్తకాల్లో చదివాను. అందరూ పరుగెత్తితేనే బ్యాంకు పడిపోతుంది, కొందరు నిలబడితే నిలబడుతుంది అని. "వద్దమ్మా," అన్నాను. "నువ్వన్నా ఆగు. నిన్ను చూసి నలుగురు ఆగుతారు. మధ్యాహ్నానికి గుంపు పల్చబడుతుంది. అప్పుడు నిదానంగా వెళ్ళు."

ఆమె ఆగింది. ఆమెను చూసి ఎవరూ ఆగలేదు. పదకొండు గంటలకు కోటయ్య గారు బీరువా తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి అందరికీ చూపించాడు. లోపల పుస్తకాలు, ఒక దేవుడి పటం ఉన్నాయి.

జనం తిట్టి తిట్టి వెళ్ళాక నేను ఆయన దగ్గరకు వెళ్ళాను. కొడతాడేమో అనుకున్నాను. కూర్చోమన్నాడు.

"మీరు చెప్పింది అబద్ధం కాదులెండి," అన్నాడు. "నాకు మాత్రం ఎవరిచ్చారు? నా దగ్గర పత్తి కొన్న జిన్నింగు మిల్లోడు నెల తర్వాత తేదీ ఏసి చెక్కు ఇచ్చాడు. ఆడికి బ్యాంకు ఇయ్యాల. పత్తికి అప్పులు బిగించమని బ్యాంకుకి పైనుంచి కాయితం వచ్చిందంట. అందరం కాయితాలే పట్టుకున్నాం. మీరు చదువుకున్నోళ్ళు, ఒకటి చెప్పండి. ఇట్టా ఒక బ్యాంకు మీదికి జనం వస్తే ఎవరు ఆదుకుంటారు?"

"పెద్ద బ్యాంకు నోట్లు పంపుతుందండీ."

"నాకు?"

 ఆయన మంచివాడని రాయడం లేదు. నూటికి మూడు కోసుకున్నవాడే. అయినా ఆ ఊరికి బ్యాంకు చేయాల్సిన పని పదేళ్ళుగా ఆయనే చేశాడు. ఆయన ఆగిపోతే ఆ పని అందుకునేవాళ్ళు ఎవరూ లేరు.

చిలకలూరిపేట

మర్నాడు మస్తాన్‌బీని తీసుకుని చిలకలూరిపేటలో ఒక బ్యాంకుకు వెళ్ళాను. మేనేజరు కుర్రవాడు, మర్యాదస్తుడు. ఇద్దరికీ టీ తెప్పించాడు.

"పాసుపుస్తకం ఉందామ్మా? పొలం ఎవరి పేరున?"

"ఒంగోలు ఆసామిదండి. నేను కౌలు చేస్తన్నా."

"కౌలు కాగితం?"

"నోటి మాటేనండి. కాయితం రాస్తే పొలం నాదంటానని ఆయన భయం."

మేనేజరు నా వైపు తిరిగాడు. "నాకు తెలుసండీ, పండించేది ఈమేనని. కానీ అప్పు ఇవ్వడానికి నాకు కనపడాల్సింది ఆసామి. నిజం చెప్పాలంటే ఆయన పంటరుణం పోయిన నెలే తీసుకున్నారు, ఇదే భూమి మీద."

 ఆమె దున్నిన నేల చూపించి ఆయన తక్కువ వడ్డీకి కొత్త డబ్బు రాయించుకున్నాడు. ఆమెకు మాత్రం రాయడానికి రూలు లేదు. అరిచాను. మేనేజరు తల వంచుకుని, "మీరు నన్ను తిట్టి లాభం లేదు తాతగారూ, రూలు నేను రాయలేదు," అన్నాడు. అది నిజమే గనక ఇంకా కోపం వచ్చింది.

బస్టాండులో నా దగ్గరున్న దాంట్లో తిరుగు ఛార్జీ ఉంచుకుని పదిహేడు వందలు ఆమె చేతిలో పెట్టాను. పుచ్చుకోవడానికి చాలాసేపు ఒప్పుకోలేదు. చివరికి కొంగున కట్టుకుంటూ, "చీటీ రాసియ్యనా బాబాయిగారూ?" అంది. అని తనే నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

గుంటూరు

మిరప యార్డులో గోతాలు కొండల్లా పేర్చి ఉన్నాయి. కొనేవాడూ అమ్మించేవాడూ ఒక తువాలు కింద చేతులు పెట్టి వేళ్ళు నొక్కుకుని ధర తేల్చుకుంటారు. పండించినవాడు పక్కనే నిలబడి ఆ తువాలు వైపు చూస్తుంటాడు. మా మిల్లులో ధర కనీసం నోటితో చెప్పేవాళ్ళం. ఒక రైతును అడిగాను, ఎంత పలికిందని. "వాళ్ళ ఏళ్ళకే తెలియాల," అన్నాడు.

సభ బ్రాడీపేటలో ఒక హాల్లో. నడవలేక ఆటో ఎక్కితే యార్డు దగ్గర్నుంచి పన్నెండు రూపాయలు తీసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆపారు. భోజనాల వేళ అధికారి బయటకు వచ్చినప్పుడు ఎదురెళ్ళి అర్జీ ఇచ్చాను. ఆయన తెలుగాయనే. నన్ను తోసెయ్యమని ఎవరికీ చెప్పలేదు. ఒక కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టి, తను నిలబడే మొదటి రెండు పేజీలు చదివాడు.

"ఆలోచన బాగుందండీ," అన్నాడు. "కానీ పంటకల్లా నోటిస్తూ పోతే ధరలు పెరిగిపోవా?"

"ఉత్త గాలికి ఇవ్వమనడం లేదండీ. గోదాములో సరుకుంది. సరుకు పోగానే నోటు పోతుంది. స్థలాల బేరాలకు, షేర్ల ఆటకు బ్యాంకులు రాసే డబ్బు వెనక ఏ సరుకుందండీ? దానికి పెరగని ధర పత్తికే పెరుగుతుందా?"

ఆయన నవ్వాడు, కాదనలేదు. అప్పుడు కోటయ్య గారి కొట్టు సంగతి చెప్పాను. నా వల్లే జరిగిందని కూడా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"ప్రైవేటు చీటీలు మా పరిధిలోకి రావు," అన్నాడు. "అదే ఒక బ్యాంకు అయి ఉంటే వేరండీ. కబురు అందిన రోజే నోట్లు పంపేవాళ్ళం. పోలీసు కాపలాతో, లారీలో."

ఆ మాట కొంచెం గర్వంగానే అన్నాడు.

"లారీకి ఆ ఊరి దారి తెలీదాండీ?" అన్నాను.

ఆయన మొహం మారింది. కోపం కాదు, అలసట లాంటిది. "నేను ఒక్కణ్ణే మార్చగలిగేది కాదండీ," అని, అర్జీని వెనకున్న మనిషికి ఇచ్చాడు. ఆ మనిషి దాన్ని అప్పటికే పట్టుకున్న పూలదండల కింద పెట్టుకున్నాడు. ఆయన భోజనానికి వెళ్ళాడు. నాకు కూడా పెట్టమని చెప్పి వెళ్ళాడు. అరవై ఏళ్ళుగా నేను ఎదురుచూసిన మాటలు పది నిమిషాల్లో అయిపోయాయి. అంత పెద్ద మనిషి కూడా నాతో ఏకీభవించి ఏమీ చేయలేనన్నాక, ఇక ఎవరిని తిట్టాలో నాకు తెలియలేదు. అన్నం వద్దన్నాను.

తిరిగి ఆ ఊరికి వెళదామంటే బస్సులన్నీ కోటప్పకొండ తిరునాళ్ళకు మళ్ళించారు. ప్రభలు చూడటానికి జనం టాపుల మీద కూడా ఎక్కి పోతున్నారు. మూడు రోజులు సత్రంలో ఉండిపోయాను. శివరాత్రి అక్కడే దాటిపోయింది.

మళ్ళీ ఆ ఊరు

కోటయ్య గారి కొట్టుకు తాళం వేసి ఉంది. ఆయన పారిపోలేదు. ఇంటి అరుగు మీదే కూర్చుని ఉన్నాడు, ఎవరూ పలకరించడం లేదు. ఉగాదికి ఇస్తానంటున్నాడట. కిరాణా కొట్లో నీలం చీటీ తీసుకోవడం మానేశారు. పప్పు కొనడానికి నోటు లేదు, ఊరి చుట్టూ మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. మా నాన్న కళ్ళాల్లో ధాన్యం ముక్కిపోయిన ఏడూ ఇలాగే ఉంది.

మస్తాన్‌బీ ఇంట్లో లేదు. చేలో ఉందన్నారు. నాకు ఒక్క క్షణం ఆశ కలిగింది. ఎలాగో కౌలు కట్టేసిందేమో అనుకుంటూ గట్టు మీద నడిచాను.

ఆ రెండెకరాల్లో ఆరుగురు ఆడవాళ్ళు ఎండిన పత్తికట్టె పీకుతున్నారు. వాళ్ళలో ఆమె ఒకతె. నన్ను చూసి గట్టు దగ్గరకు వచ్చింది. ఆసామి మనిషి శివరాత్రి మర్నాడే వచ్చి చేను చారల తువాలు ఆయనకు ఇచ్చేశాడట. ఆయన ఆ రోజు కొట్టు ముందు మొదటి వరసలో నిలబడి నోట్లు తీసుకున్నాడు. కట్టె పీకడానికి ఆయనే కూలికి పిలిచాడు. రోజుకు ముప్పై రూపాయలు.

"ఆయన తప్పేం లేదులే బాబాయిగారూ. నేను కాకపోతే ఇంకెవరినో పిలుస్తాడు," అంది. నేనిచ్చిన పదిహేడు వందలు కొంగు ముడి విప్పి తీసి ఇవ్వబోయింది. నేను తీసుకోలేదు.

"పెద్దాఫీసరు ఏమన్నాడు?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. లారీ మాట కూడా చెప్పాను. ఆమె అరచేతుల్లో గుచ్చుకున్న కట్టె పేళ్ళు తీసుకుంటూ వింది.

"ఒకటి అడగనా?" అంది. "ఆ పొద్దు మీ మాట వినకుండా నేను కూడా పోయి నిలబడుంటే, నాకు దొరికేదా?"

ఆమె ఇల్లు కొట్టుకు మూడిళ్ళ అవతల. నాకంటే ముందే ఆమెకు సంగతి తెలిసింది. నేను వద్దన్నప్పటికి వరసలో ఇరవైమంది కూడా లేరు. బీరువాలో అప్పుడున్న డబ్బులో ఎనిమిది వేలు ఒక లెక్కా?

"దొరికేదమ్మా," అన్నాను.

ఆమె నన్ను తిడితే బాగుండునని నిలబడ్డాను.

"సరేలే బాబాయిగారూ. ఎండెక్కుతుంది, మీరు పోండి, పదకొండు బస్సు పోతే మళ్ళీ సాయంత్రం దాకా లేదు," అని వెళ్ళి, వరసలో వెనకబడిపోయినందుకు గబగబా రెండు చేతులతో కట్టె పీకడం మొదలుపెట్టింది.